రెండు పురుగులు, ఒక దుంగ

మా సైన్స్ మిస్ పోయారు. ఆ కబురు వచ్చేసరికి నేను టెక్కలిలో, కాలేజీ లైబ్రరీలో ఉన్నాను. నాన్న ఫోన్ చేశారు. వరండాలోకి వచ్చి ఎత్తాను.

"మీ మిస్ పోయిందమ్మా. పొద్దున్నే. బేగి రా."

అటువైపు కోడి కూయడం, ఎవరో బిందె దించడం వినిపించాయి. "మట్టలు కొయ్యాల, పందిరెయ్యాల" అని నాన్న ఫోన్ పెట్టేశారు.

అనుకోని కబురేమీ కాదు. మా ఉద్దానంలో చాలా ఇళ్ళకు తెలిసిన కిడ్నీ జబ్బే ఆమెదీ. కొంతకాలంగా పలాస ఆసుపత్రికి డయాలసిస్‌కి వెళ్ళి వస్తున్నారు. ఆ రోజుల్లో కూడా బస్సులో కిటికీ సీటు కోసం కండక్టరుతో పోట్లాడేవారు. "ఆస్పత్రిలో మంచం ఎలాగూ గోడవారనే ఏత్తారు. బస్సులోనైనా తోటలు సూడనీ బాబూ" అనేవారు. ఆ రోజు ఇంటికి వెళ్ళే బస్సులో నేను కిటికీ పక్కనే కూర్చున్నాను. ఆమెలాగే తోటలు చూస్తూ వెళ్ళాను.

ఆమె గురించి నాలుగు మాటలు చెప్పమని మా బడివాళ్ళు అడిగారు. చెప్పడం నాకు చేతకాదు, రాస్తానన్నాను. చదివేవాళ్ళలో ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళు ఉంటే వాళ్ళకి అద్దాల పెట్టె గుర్తుండే ఉంటుంది. తెలియనివాళ్ళ కోసం మొదటి నుంచి చెబుతాను.

మా ఊరు సంతబొమ్మాళి దాటాక సముద్రం వైపు ఉంటుంది. కొబ్బరి, జీడితోటలు, ఆ వెనక ఇసుక, ఆ తర్వాత సముద్రం. మిస్‌ది మా పక్కిల్లే. రెండు తోటలకీ మధ్య ఉన్నది ఒక ముళ్ళకంచె మాత్రమే. ఊళ్ళో అందరికీ ఆమె టీచరమ్మ. మా నాన్నకి అప్ప. మా వైపు అక్కని అలాగే అంటారు, చుట్టరికం లేకపోయినా. నాకు మాత్రం బడిలోనూ ఇంటి దగ్గరా మిస్సే. టెక్కలి కాన్వెంటులో ఆమె సైన్స్ చెప్పేవారు, నేను అక్కడే చదివేదాన్ని. రోజూ ఒకే బస్సులో వెళ్ళి ఒకే బస్సులో వచ్చేవాళ్ళం.

బడిలో ఆమె మాట ఇస్త్రీ చేసిన చీరలా ఉండేది. బస్సెక్కగానే మడతలు విప్పేసేది. భావనపాడు నుంచి చేపల గంపతో ఒకామె అదే బస్సులో వచ్చేది.

"టీచరమ్మా, కవళ్ళు సూడు. ఇయ్యాల్టివే."

"ఇయ్యాల్టివైతే కన్ను ఇలగ లోపలికి పోతాదేటి? నాకే సెప్తన్నావా? సేప కన్ను బొమ్మ పిల్లల సేత ఏయించేదాన్ని నాను."

"నీకు సదువెక్కువైపోనాది టీచరమ్మా. నిన్నటివే, తీసుకో."

గంపలామె నవ్వేది, మిస్ కొనేవారు. నేను పుస్తకంలో తలదూర్చి వినేదాన్ని. దిగేటప్పుడు సంచి నా చేతికిచ్చి "ఒలే గుంటా, సరిగ్గా అట్టుకో, నీ పుస్తకాలకి నీసు వాసనొత్తే సిస్టర్ నన్నడుగుతాది" అనేవారు.

ఇక అద్దాల పెట్టె. చాలా ఏళ్ళ క్రితం యూరప్ నుంచి వచ్చిన ఒక సిస్టర్ మా బడిలో సైన్స్ చెప్పేవారట. వెళ్ళిపోతూ తన పురుగుల పెట్టె లాబ్‌లో వదిలి వెళ్ళారట. మొదట్లో అందులో సీతాకోకచిలుకలు కూడా ఉండేవని మిస్ చెప్పేవారు. మా సముద్రపు గాలికి అవన్నీ పొడి అయిపోయాయి. గట్టి పెంకులున్న రెండు పురుగులే మిగిలాయి. వాటి కింద కాగితం మీద గీతల్లాంటి అక్షరాలు. చదవగలిగింది మిస్ ఒక్కరే.

ఒకటి పెద్దది. మగవాడి వేలంత పొడవు, వేయించిన చింతపిక్క రంగు. తల ముందు దుప్పి కొమ్ముల్లా రెండు దవడలు. ఒక కొమ్ము ఎప్పుడో విరిగితే మిస్ లక్కతో అంటించారు. రెండోది దానిలో సగం కూడా ఉండదు. గోధుమరంగు రెక్కలు, పొట్టకి రెండు పక్కలా వరసగా తెల్లటి త్రిభుజాలు, విసనకర్ర విప్పినట్టు మీసాలు. మొదటిదానికి మిస్ దుప్పికొమ్ముల పురుగు అని పేరు పెట్టారు. రెండోది వాళ్ళ దేశాల్లో మే నెలలో నేల చీల్చుకుని వస్తుంది కాబట్టి మే పురుగు.

మొదటి రోజు ఆమె పేర్లు చెప్పేవారు కాదు. పెట్టె బల్ల మీద పెట్టి కిటికీ తెరిచేవారు. "ముందు చూడండి. పేరుకేం తొందర, అదెక్కడికీ పోదు" అనేవారు. పీరియడ్ అంతా చూడడమే. పెద్దదాన్ని చూసి అందరం భయపడేవాళ్ళం, చిన్నది ముద్దుగా ఉందనేవాళ్ళం. మిస్ తల ఊపి ఊరుకునేవారు. మర్నాడు ఎవరేం తింటారో చెప్పేవారు. అప్పుడు మా భయమూ ముద్దూ తారుమారయ్యేవి.

దుప్పికొమ్ముల పురుగు తన బతుకంతా దాదాపు పిల్లపురుగుగానే గడుపుతుంది. నేలలో, పుచ్చిపోయిన మొద్దు దగ్గర తల్లి గుడ్లు పెడుతుంది. పిల్ల ఏళ్ళ తరబడి ఆ పుచ్చుకర్రే తింటూ చీకట్లో పెరుగుతుంది. బతికున్న చెట్టు జోలికి పోదు. రెక్కలొచ్చి బయటపడ్డాక దానికి ఒక్క వేసవే ఉంటుంది. కాస్త చెట్టు రసం నాకుతుంది, అంతే. ఆ భయపెట్టే కొమ్ములు నమలడానికి పనికిరావు. మగపురుగులు కుస్తీ పడి ఒకదాన్నొకటి కొమ్మ మీద నుంచి కిందికి తోసుకోవడానికే అవి.

మే పురుగు కూడా మూడు నాలుగేళ్ళు నేలలోనే ఉంటుంది. కానీ అది తినేది బతికున్న వేళ్ళని. గడ్డి వేళ్ళు, దుంపలు, చిన్న మొక్కల వేళ్ళు. పైన పచ్చగా కనిపించే చేను ఒకరోజు ఉన్నట్టుండి వాడిపోతుంది. రెక్కలొచ్చాక గుంపులుగా లేచి చెట్ల ఆకులు తింటుంది. పూర్వం అక్కడివాళ్ళు తెల్లవారుజామున కొమ్మలు దులిపి, వాటిని గుడ్డల్లోకి రాల్చి చంపేవారట. దుప్పికొమ్ములదానికేమో ఇప్పుడు చాలా దేశాల్లో చట్టం కాపలా ఉందట. దాని కోసం పుచ్చుమొద్దుల్ని తీయకుండా వదిలేస్తారట.

"పక్కపక్కనే ఒకే మట్టిలో పెరుగుతాయి. ఒకటి చచ్చినదాన్ని తింటుంది, ఒకటి బతికున్నదాన్ని తింటుంది" అనేవారు మిస్. ఆ వెంటనే ప్రతి క్లాసునీ ప్రతి ఏడూ అడిగే ప్రశ్నే అడిగేవారు. "మన ఊళ్ళో అయితే?"

ఆ ప్రశ్న ఆమెకే తగిలిన రోజు గురించి చెప్పాలి. అది చెప్పాలంటే ముందు తుఫాను గురించి చెప్పాలి.

తిత్లీ వచ్చినప్పుడు మేం చిన్నపిల్లలమేం కాదు, అయినా పెద్దవాళ్ళు చెట్ల కోసం ఏడవడం అప్పుడే చూశాను. తెల్లారి చూస్తే తోటలో నిలబడి ఉన్నవాటికంటే పడుకుని ఉన్నవే ఎక్కువ. నాన్న ఏ చెట్టు దగ్గరా ఆగకుండా ఒక కొస నుంచి ఇంకో కొసకి నడిచి వచ్చారు. మిస్ తోటలోనూ అంతే. పడిపోయినవాటిలో ఒకటి వాళ్ళ నాన్న పెట్టిన చెట్టు. ఆమె టీచర్ ట్రైనింగ్‌కి వెళ్ళిన ఏడు పెట్టారట. ముసలితనంలో ఆయన రోజూ సాయంత్రం దానికి వీపు ఆనించి కూర్చునేవారు. ఆయన పోయాక కూడా మానుకి ఆ ఎత్తులో ఒకచోట నున్నగా ఉండేది. చిన్నప్పుడు నేను వేలితో రాసి చూశాను. మిగతా చెట్లు గరుకుగా ఉంటే అక్కడ మాత్రం అరచేతిలా ఉండేది.

తుఫాను తర్వాత మిస్ తన తోటలో పడ్డ మానులన్నీ కోయించి తీయించేశారు. ఊళ్ళో అందరికీ అదే చెప్పారు. కొబ్బరి చెట్లకి పట్టే మా వైపు కొమ్ముపురుగు పుచ్చిన మానులోనూ గెత్తం కుప్పల్లోనూ గుడ్లు పెడుతుందని, పశువుల పేడ మగ్గేసే ఆ కుప్పల్ని తిరగెయ్యమని ఇల్లిల్లూ తిరిగారు. వాళ్ళ నాన్న పెట్టిన చెట్టు ఒక్కటి మాత్రం అలాగే ఉంచారు. కొస, మొదలు కోయించి, నున్నటి చోటున్న మధ్య దుంగని కంచె పక్కన నీడలోకి దొర్లించారు. సాయంత్రాలు దాని మీద కూర్చుని మా పరీక్ష పేపర్లు దిద్దేవారు. ఊళ్ళో ఎవరైనా అడిగితే "పచ్చిగానే ఉందింకా" అనేవారు. పడిన కొబ్బరి మానుని కూర్చోడానికి వాడుకోవడం మా వైపు మామూలే. ప్రతి ఇంటి ముందూ ఒకటి ఉండేది. కాబట్టి ఎవరూ రెట్టించి అడగలేదు. రెండు వానాకాలాలు గడిచాయి. ఆమె ఇంకా పచ్చిగానే ఉందనేవారు.

ఈలోగా నాన్న మా తోటలో కొత్త మొక్కలు పెట్టారు. మొత్తం బతుకు వాటి మీదే పెట్టుకున్నారు. పెరిగి కాయడానికి ఏళ్ళు పడుతుంది. అంతవరకూ కూలికి వెళ్దామని, జీడిపిక్కలు కొట్టే పనికి పలాస వెళ్దామని అమ్మా నాన్నా అనుకునేవారు. మొక్కలు మోకాలెత్తు దాటి, నడిమధ్య విచ్చుకోని లేతాకుల మొవ్వు గట్టిపడేసరికి కొమ్ముపురుగు దిగింది. మొవ్వు మొదట్లో కన్నం, బయటికి నమిలిన పీచు. నాన్న ఇనుప ఊచ చివర కొక్కెంలా వంచి కన్నంలోకి దింపి పురుగుని గుచ్చి లాగేవారు. నేను పక్కన డబ్బా పట్టుకునేదాన్ని. నల్లగా, నున్నగా, ముక్కు మీద ఒక్క కొమ్ముతో వచ్చేది. కొన్ని మొక్కలు తట్టుకున్నాయి. కంచె పక్క వరసలో మాత్రం ఒకటి తర్వాత ఒకటి మొవ్వు వాలిపోయి చచ్చిపోయాయి.

ఒక సాయంత్రం చచ్చిన మొక్కని పీకి పక్కన పడేసి నాన్న కంచె అవతలికి చూశారు. మిస్ దుంగ మీద కూర్చుని ఎర్రపెన్ను పట్టుకుని దిద్దుతున్నారు.

"ఆ దుంగలోంచే వత్తన్నాయి" అన్నారు నాన్న మెల్లగా.

"అయితే అప్పకి సెప్పు" అంది అమ్మ.

"ఏటని సెప్తాను? వాళ్ళయ్య కూకున్న సోటది. నువ్వెల్లి సెప్పు."

"నానా? నన్ను సూత్తే టీ తాగమంతాది. టీ తాగి ఎలగ సెప్పను?"

ఇద్దరూ నా వైపు చూశారు. నేను డబ్బా తీసుకుని లోపలికి వెళ్ళిపోయాను. నేను ఎవరికైనా ఏదైనా చెప్పడమన్నది మా ఇంట్లో జరిగే పని కాదు.

ఆ వారంలోనే మా తొమ్మిదో తరగతికి వకీళ్ళ పాఠం వచ్చింది. మిస్ ప్రతి ఏడూ రెండు పురుగులకీ ఇద్దరు పిల్లల్ని వకీళ్ళుగా పెట్టి వాదించమనేవారు. మే పురుగుకి పలాస నుంచి వచ్చే అమ్మాయిని పెట్టారు. ఆ పిల్లకి నోరుంది. దుప్పికొమ్ముల పురుగుకి నన్ను పెట్టారు. ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు. మాట్లాడనివాళ్ళ చేత మాట్లాడించాలని ఆమెకి ఉండేదని తర్వాత తెలిసింది.

పలాస అమ్మాయి చున్నీని వకీలు కోటులా భుజాల మీద వేసుకుంది. "మిలార్డ్! నా క్లయింటు చిన్నపిల్లల స్నేహితుడు. ఆ దేశాల్లో పిల్లలు వీడి కాలికి దారం కట్టి ఎగరేసుకునేవారు. మనం తూనీగకి కట్టమేటి?"

"కానీ వేళ్ళు తింటాడు కదా?" అన్నాను నేను.

"ఆకలేస్తే తినడా? నీ క్లయింటు పెద్దయ్యాక అన్నమే మానేస్తాడు. ఉపవాసాలు చేసుకునేవాడికి వకీలెందుకు, పూజారి గావాల గాని!"

క్లాసంతా నవ్వింది. మిస్ కూడా నవ్వారు. నా వంతు వచ్చింది. లేచి నిలబడి బల్ల మీద గీతలు చూస్తూ చెప్పాను. "నా పురుగు చచ్చిన చెట్టునే తింటుంది. అది తిన్నాక మట్టి మిగులుతుంది. దాని ఇల్లు ఒక దుంగ. ఆ దుంగ తీసేస్తే దానికి ఇల్లు లేదు."

"అంటే దుంగ ఉంచమంటావు."

"ఉంచాలి మిస్."

"మన ఊళ్ళో అయితే?" అన్నారు మిస్. ఏటేటా అడిగినట్టే, పెట్టె మూత సర్దుతూ అడిగారు.

నాకు ఎర్రపెన్ను గుర్తొచ్చింది. నాన్న పీకి పడేసిన మొక్క గుర్తొచ్చింది. తల ఎత్తలేదు.

"మన ఊళ్ళో అయితే ఉంచకూడదు మిస్. వాళ్ళ పురుగు పెద్దయ్యాక తినడం మానేస్తుంది. మన కొమ్ముపురుగు పెద్దయ్యాకే చెట్టు మీద పడుతుంది. పిల్లగా దుంగ తింటుంది, రెక్కలొచ్చాక మొవ్వు తింటుంది. ఆ దుంగ ఎవరిదైనా సరే, ఉంచకూడదు."

'ఎవరిదైనా సరే' అని నేను ముందుగా అనుకోలేదు. నోట్లోంచి వచ్చేసింది. మిస్ చెయ్యి పెట్టె మూత మీద ఆగింది. మిగతావాళ్ళకి ఏమీ తెలియదు. పలాస అమ్మాయి మాత్రం "తీర్పు! తీర్పు చెప్పండి మిస్!" అని బల్ల చరిచింది.

మిస్ చేతులకున్న సుద్దపొడి దులుపుకున్నారు. "తీర్పు ఆదివారం" అన్నారు.

ఆ సాయంత్రం బస్సులో ఆమె పక్కనే కూర్చున్నాను. ఇంకెక్కడా సీటు లేదు, ఉంటే వెనక్కి పోయేదాన్ని. గంపలామె ఎక్కి "టీచరమ్మా, ఇయ్యాల నిజంగా ఇయ్యాల్టివే" అంది. మిస్ వద్దన్నారు. ఆమె వద్దనడం నేను అదే మొదటిసారి వినడం. సంతబొమ్మాళి దాటాక అడిగారు.

"మొక్కలు ఎన్నున్నాయి కంచె పక్క వరసలో?"

"సగం పోయాయి మిస్."

"మీ నాన్న నాకెందుకు సెప్పలేదు?"

"మీరు దాని మీద కూర్చుని పేపర్లు దిద్దుతారు కదా మిస్."

ఆమె కిటికీ వైపు తిరిగారు. "నాను ఊరందరికీ సెప్పాను గదే" అన్నారు. నాతో అన్నట్టు లేదు. బస్సు దిగాక సంచి నాకివ్వలేదు. ఇంటి మలుపు దగ్గర ఆగి "బాగా వాదించావు" అని మాత్రం అన్నారు.

ఆదివారం పొద్దున్నే కంచె దగ్గర ఆమె గొంతు వినిపించింది. "తమ్ముడూ! గొడ్డలి అట్టుకురా."

నాన్న గొడ్డలితో వెళ్ళి దుంగ ముందు నిలబడ్డారు. "నానే కొడతాను అప్పా. నువ్వు లోపలికెల్లు."

"లోపలికెందుకు? సూడాల నాను."

"సూడలేవప్పా."

"పిల్లలకి ముందు సూడమని సెప్పేది నానే. కొట్టు."

బయటికి గట్టిగా కనిపించిన మాను మొదటి దెబ్బకే లోపలికి దిగిపోయింది. లోపలంతా తడిసిన తవుడు. ఆ తవుడులో బొటనవేలంత లావున పిల్లపురుగులు, తెల్లగా, వంకరగా, గోధుమరంగు తలలతో. చుట్టుపక్కల కోళ్ళన్నీ వచ్చేశాయి. అమ్మా నేనూ పుల్లలతో ఏరి బకెట్లో వేశాం. మిస్ చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపి మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని చూసి నాకు చూపించారు. "దుప్పికొమ్ములదాని పిల్ల కూడా ఇలాగే ఉంటుంది. చాలా దగ్గరగా చూస్తే తప్ప తేడా తెలీదు" అన్నారు. బడి భాషలోనే అన్నారు.

"అక్కడోల్లు ఇలాటి దుంగలకి కాపలా కాత్తారంట గదప్పా, మా గుంట సెప్పింది. పిచ్చోల్లేటి?" అన్నారు నాన్న, ఆమెని మాటల్లో పెట్టడానికి.

"పిచ్చి కాదు తమ్ముడూ. ఆళ్ళ దుంగ ఎవుల్నీ తినదు."

చివరికి నున్నటి ముక్క ఒక్కటే మిగిలింది. నాన్న గొడ్డలి కింద పెట్టేశారు. "ఈ ముక్క ఉంచుదామప్పా. మందు రాసి ఎండబెడతాను. పీటలాగ ఉంతాది."

మిస్ దాని మీద చెయ్యి వేశారు. నేను చిన్నప్పుడు రాసినట్టు వేలితో కాదు, అరచేత్తో ఒకసారి అటు చివరి నుంచి ఇటు చివరికి రాశారు. తర్వాత లేచి పక్కకి జరిగారు.

"అక్కడే ఎక్కువ మెత్తబడింది తమ్ముడూ. కొట్టు."

అన్నిటికంటే ఎక్కువ పురుగులు అందులోనే ఉన్నాయి. మధ్యాహ్నం వరకూ తగలబెట్టాం. మంట సరిగ్గా అంటుకోక పొగే ఎక్కువ వచ్చింది. ఆమె పొగలోనే నిలబడి ఉన్నారు. కళ్ళు తుడుచుకుంటే పొగ వల్లనుకోవచ్చు, అందుకే ఎవరూ లోపలికి రమ్మనలేదు. సోమవారం క్లాసులో పలాస అమ్మాయి గుర్తు చేసింది. "మిస్, తీర్పు!" మిస్ బోర్డు వైపు తిరిగి "రెండు కేసులూ కొట్టేశాం. తీర్పు మన ఊరి దుంగ మీద పడింది" అన్నారు. అందరూ నవ్వారు. నా వైపు మాత్రం ఆమె చూడలేదు. అందుకు నాకు ఇప్పటికీ ఆమె మీద కృతజ్ఞత.

ఆ తర్వాత అదే చోట ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని దిద్దేవారు. ఇసుకలో కుర్చీ కాళ్ళు దిగబడి ఒకవైపు వాలేది. పేపర్లు అయ్యాక కంచె దాటి వచ్చి నాన్నతో కలిసి మొక్కలు చూసేవారు. కొత్త పీచు కనిపిస్తే "లోపలున్నాడు తమ్ముడూ, ఊచ ఇలాగియ్యి" అనేవారు. మొవ్వు చుట్టూ వేపపిండీ ఇసుకా కలిపి పోయించేవారు. పోయిన వరసలో మళ్ళీ పెట్టిన మొక్కలు కూడా నిలబడ్డాయి. పురుగు పూర్తిగా పోలేదు, పోదు కూడా. "రోజూ సూడ్డమే. ఇంకేటీ లేదు" అనేవారు.

విచ్చుకున్న ఆకు మీద కొమ్ముపురుగు కోతలు ఎలా ఉంటాయో ఒకరోజు ఆమె నాకు చూపించారు. కత్తెరతో కత్తిరించినట్టు రెండు వైపులా సమానంగా త్రిభుజాలుంటాయి. అది ఆకుని విచ్చుకున్నాక కొరకదట. మొవ్వులో, విసనకర్రలా మడిచి ఉన్నప్పుడే ఒక్కచోట తొలిచేస్తుంది. ఆకు నెలల తర్వాత పైకొచ్చి విచ్చుకుంటే అప్పుడు మనకి కనిపిస్తుంది. "దెబ్బ ఎప్పుడు తగిలిందో ఆకుకే తెలుసు" అన్నారు. అని, తన మాటకి తనే సిగ్గుపడ్డట్టు "సైన్స్‌లో ఇలా రాస్తే మార్కులెయ్యను" అన్నారు.

జబ్బు ముదిరాక బడి మానేశారు. పలాస నుంచి వచ్చిన రోజున నేను వెళ్ళి కూర్చునేదాన్ని. ఎక్కువ మాట్లాడేవాళ్ళం కాదు. ఆమెకి ఓపిక లేదు, నాకు అలవాటు లేదు. కాలేజీలో ఏం చదువుతున్నానని అడిగేవారు. ఈ మధ్య ఒకసారి "పెట్టె ఎలగుంది?" అన్నారు. బడికి వెళ్ళి చూశానని, కర్పూరం ఉండలు మార్చానని, కొమ్ము ఊడలేదని చెప్పాను. "లక్క గట్టిదే" అన్నారు సంతోషంగా. మొదటి గెల కోసినప్పుడు నాన్న బొండాం చెక్కి తీసుకువెళ్ళారు. ఆమెకి నీళ్ళు అంతగా తాగకూడదన్నారు డాక్టర్లు. రెండు చెంచాలు తాగి మూత పెట్టించారు. "కంచె పక్కదేనేటి?" అని అడిగారు. కాదన్నా తెలిసిపోతుందని నాన్న అవునన్నారు.

నాన్న ఫోన్ చేసిన రోజు నేను వెళ్ళేసరికి పందిరి సగం వేశారు. పలాసలో ఉండే ఆమె మేనల్లుడు, కాన్వెంటు సిస్టర్లు, ఊరివాళ్ళు ఉన్నారు. గంపలామె గంప లేకుండా వచ్చి అరుగు చివర కూర్చుంది. నాన్న మా తోట నుంచి మట్టలు కోసి తెస్తున్నారు. కంచె పక్క వరస నుంచి తెచ్చిన మట్ట ఒకటి పైకి అందిస్తుంటే అమ్మ ఆపింది.

"అది బాలేదు. పురుగు కొట్టేసింది, సూడు. ఇంకోటి తే."

నాన్న మట్టని ఎత్తి చూశారు. రెండు వైపులా కత్తెర కోతలు. "ఉండనీ" అన్నారు. అదే వేశారు.

మధ్యాహ్నం ఎండ ముదిరింది. పందిరి కింద నీడ చిక్కగా ఉంది. ఆ మట్ట కింద మాత్రం, మిస్‌కి కప్పిన తెల్లటి దుప్పటి మీద వరసగా చిన్న చిన్న వెలుతురు త్రిభుజాలు పడ్డాయి. గాలికి ఆకు కదిలినప్పుడల్లా అవి ఆమె చేతుల మీదికి జరిగేవి, మళ్ళీ వెనక్కి వచ్చేవి. ఎత్తే వేళయ్యేదాకా నేను వాటినే చూస్తూ కూర్చున్నాను.